ఎడంవైపు ఏముంది?

గురువారం, మధ్యాహ్నం

బండి ఎడమ పక్క అద్దం ఎగిరిపోయింది.

సరస్సు చూసి తిరిగి వస్తుంటే ఒక ఇరుకు వీధిలో గోడకు రాసుకుని, టప్పున విరిగి, నా కిటికీ పక్కనుంచి వెనక్కి పోయింది. నేను ఉలిక్కిపడి సీటు పట్టుకున్నాను. నా చిన్నప్పటి స్నేహితురాలు బ్రేకమ్మ మాత్రం కూనిరాగం తీసుకుంటూ నడుపుతూనే ఉంది.

"ఏంటే ఆ చప్పుడు?" అని నన్నే అడిగింది.

"రాయేదో తగిలినట్టుంది" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

మేం దిగిన గదులకు చేరి బండి దిగాక చూసి నోరు వెళ్ళబెట్టింది. "సరస్సు దగ్గర ఆపినప్పుడు ఎవడో గుద్దిపోయాడే! కళ్ళు నెత్తికెక్కి నడుపుతారు దరిద్రులు" అని తిట్టిపోసింది. డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది అదే. ఎవరు ఏ క్షణాన ఏం చేస్తారోనని ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటుందని దాని దగ్గర నేర్చుకునేవాళ్ళు బ్రేకమ్మ అన్న పేరు పెట్టారు. ఇన్నేళ్ళలో బండికి చిన్న గీత పడనివ్వలేదు. అలాంటిదానికి గోడ కనబడకపోవడమేమిటి?

వీధి ఇరుకు, అంతే. పైగా ఎండ సూటిగా మొహాన కొట్టింది.

గురువారం, సాయంత్రం

ఎండ మొహాన కొట్టలేదు. మా వెనకనుంచి వచ్చింది. ఇప్పుడే గుర్తొచ్చింది.

శుక్రవారం, ఉదయం

ఫలహారాల దగ్గర పళ్ళెంలో రొట్టె, గుడ్డు, పండ్లముక్కలు పెట్టారు. బ్రేకమ్మ రొట్టె తిని, గుడ్డు తిని, మూతి తుడుచుకుని, "పండు ఒక్క ముక్కయినా పెట్టరేంటే వీళ్ళు? పిసినారి మొహాలు!" అంది. గదులు చూసుకునే పెద్దాయన అక్కడే ఉన్నాడు. "అమ్మా, మీ పళ్ళెంలోనే ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

ఉన్నాయి. పళ్ళెంలో ఎడమ సగమంతా పండ్లే. ఒక్కటీ ముట్టలేదు.

బ్రేకమ్మ తల తిప్పి చూసి, పకపకా నవ్వి, "ముసలిదాన్నయిపోయానండీ, నన్ను వదిలేయండి" అని ముక్కలన్నీ తినేసింది. పెద్దాయనా నవ్వాడు. నేనూ నవ్వాను. లేచేటప్పుడు గుమ్మానికి భుజం కొట్టుకుంది. ఎడమ భుజమే. "ఈ గుమ్మాలు మనుషుల కోసం కట్టారా, పిల్లుల కోసం కట్టారా" అని గొణిగింది.

ముందునుంచీ అది అంతే. దూకుడు మనిషి. ఎప్పుడు చూసి నడిచింది కనక!

శుక్రవారం, అది స్నానానికి వెళ్ళినప్పుడు

తొందరగా రాయాలి.

దాని కళ్ళద్దాలు తీసి పరీక్ష చేశాను. ఈ ప్రయాణానికి నెల ముందు నా షాపులో నా చేత్తో చేసిచ్చిన జత. కళ్ళు పరీక్ష చేసింది నేను, అద్దాలు అరగదీసింది నేను, ఫ్రేములో బిగించింది నేను. పెట్టుకోగానే "అబ్బ, లోకమంతా కడిగినట్టుందే" అంది. ఇక్కడ పరికరాలేమీ లేవు. కిటికీ ఊచలు అడ్డంగా నిలువుగా కలిసేచోట అద్దంలోంచి చూస్తూ, అద్దాన్ని మెల్లగా అటూ ఇటూ జరిపాను. అద్దం నంబరును బట్టి ఆ గీతలు ఎటు జారాలో, ఎంత జారాలో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి చేస్తున్న పని.

దేవుడా, నా తప్పే అయ్యుండాలి, నంబరు తప్పు వేసుండాలి, అని మొక్కుకుంటూ చూశాను. నా పనిలో తప్పు దొరకాలని నేను ఎన్నడూ కోరుకోలేదు.

ఏ తప్పూ లేదు. చక్కగా ఉన్నాయి. మళ్ళీ చూశాను. చక్కగానే ఉన్నాయి.

శుక్రవారం, సాయంత్రం

మా ఆయనకు ఫోన్ చేసి పళ్ళెం సంగతి, అద్దం సంగతి చెప్పాను. "నీకెవరైనా తుమ్మితే చాలు, మనిషి పోయినట్టే. సెలవు పాడుచేసుకోకు, ఆవిడది పాడుచెయ్యకు" అన్నాడు. నిజమే. నాకు అనుమానం ఎక్కువ. ఆయన మాట వినగానే ప్రాణం కుదుటపడింది.

రేపు బ్రేకమ్మ చిత్రాల మ్యూజియానికి వెళ్దామంటోంది. నడిచివెళ్ళే దూరమే. బండి తియ్యక్కర్లేదు. అమ్మయ్య అనిపించింది. ఎందుకనిపించిందో మాత్రం ఇక్కడ రాయను.

శనివారం, మధ్యాహ్నం

మ్యూజియంలో ఒక గోడ మొత్తం ఒకటే బొమ్మ. రేవు. నీళ్ళు. ఎడమ పక్క జనంతో కిక్కిరిసిన పడవ, అందులో అందరూ చేతులూపుతున్నారు. కుడి పక్క గట్టు మీద ఒక పిల్ల, గౌను ఎగురుతుంటే, పడవ వైపు చెయ్యూపుతోంది.

బ్రేకమ్మ గట్టుకెదురుగా నిలబడి చాలాసేపు చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి దానికి.

"పాపం చూడవే. ఎవరూ లేరు. ఒక్కతే నిలబడి ఎవరికో చెయ్యూపుతోంది."

"ఎవరికంటావు?" అని అడిగాను.

"ఎవరూ లేరు కదా, అదే నా ఏడుపు. ఉత్త నీళ్ళకి చెయ్యూపుతోంది. ఈ గీసినాయనకి గుండె లేదు."

అప్పుడే ఒకావిడ బిడ్డనెత్తుకుని ఎడంవైపునుంచి వచ్చి బ్రేకమ్మ ముందునుంచి దాటబోయింది. అది అడుగు ముందుకేసి ఆవిడ మీదకే వెళ్ళింది. "చూసుకోండమ్మా" అని ఆవిడ విసుక్కుంది. బ్రేకమ్మ ఆమెను భూమిలోంచి మొలిచిన మనిషిని చూసినట్టు చూసింది. నేను దాని మోచెయ్యి పట్టుకుని కాఫీ తాగుదాం పదమని లాక్కొచ్చాను.

ఎడమ కన్ను ఒక్కటే దెబ్బతింటే కుడికన్ను ఆ పక్క చాలావరకు చూస్తుంది. గోడలు మాయమవవు. మనుషులు మాయమవరు. రెండు కళ్ళలోనూ ఒకే పక్క పోతే ఆ జబ్బు కంట్లో ఉండదు. కంటి వెనక, ఇంకా వెనక, తలలో ఉంటుంది. షాపుకు అలాంటివాళ్ళు వస్తే అద్దాలు చెయ్యను. పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసి, వాళ్ళకి వినబడేలా మాత్రం మామూలుగా మాట్లాడి పంపిస్తాను. వాళ్ళు గుమ్మం దాటాక కూర్చుండిపోతాను.

ఆ 'తలలో' అన్న మాట రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

శనివారం, సాయంత్రం

రేపు చెబుతాను. ఆఖరి రోజు. చూడాల్సినవి చూశాక. సంతోషంగా ఉన్న మనిషిని ఇప్పుడే ఏడిపించడమెందుకు?

ఆదివారం, ఉదయం

ఈ రోజు కొండ మీద జలపాతం చూసి, అటునుంచి అటే ఇంటికి. ఘాట్ రోడ్డు. అది నడుపుతుంది.

కడుపునొప్పి అన్నాను. "పరీక్షల రోజు కూడా ఇదే నొప్పి నీకు. లే లే" అంది.

బస్సులో వెళ్దామన్నాను. "బ్రేకమ్మ బస్సెక్కిందని తెలిస్తే నా స్కూలు బోర్డు పీకేస్తారు. సామాను బండిలో పెట్టు."

విరిగిన అద్దంతో కొండెక్కడం ప్రమాదమన్నాను. "అటుపక్క చూడ్డానికి నువ్వున్నావు కదే" అంది నవ్వుతూ.

అవును, నేనుంటాను. మాట్లాడుతూనే ఉంటాను. పక్కనుంచి అన్నీ చెబుతుంటాను. ఏమీ కాదు. కొండ దిగాక, మైదానంలోకి వచ్చాక చెబుతాను. హారన్ కొడుతోంది. వెళ్తున్నాను.

ఆదివారం, కొండ మీద, టీకొట్టు బెంచీ

టాక్సీ వచ్చేదాకా ఇక్కడే కూర్చోవాలి. బ్రేకమ్మ అవతల ఫోనులో మాట్లాడుతోంది. మొత్తం రాస్తాను, లేకపోతే రేపటికి నా తప్పేమీ లేనట్టు మార్చేసుకుంటాను.

పైకి వచ్చేటప్పుడు లోయ ఎడమ పక్క. నేను లోయ పక్క. నోరు మూయకుండా మాట్లాడాను. "ఇక్కడ రాయి ఉందే, సైకిలతను ఉన్నాడే, గట్టు విరిగిందే" అని. అది మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది. "నేర్చుకునేవాళ్ళకి నేను చెప్పినట్టు చెప్తున్నావేంటే నాకు?" అంది. నేను ఊరుకున్నాను. ఊరుకున్న కాసేపటికే బండి నెమ్మదిగా నా వైపు జరిగింది. చక్రం కింద గులకరాళ్ళు కరకరలాడాయి. నా కిటికీ కింద రోడ్డు లేదు, చెట్ల చిటారుకొమ్మలున్నాయి.

"కుడికి! కుడికి తిప్పు!" అని అరిచాను.

తిప్పింది. ఎందుకని అడగలేదు. పైకి చేరేదాకా నా చూపు రోడ్డు అంచు మీదే ఉంది.

జలపాతం దగ్గర కటకటాలు పట్టుకుని నిలబడ్డాం. జనం ఫోటోలు తీసుకుంటున్నారు, కేరింతలు కొడుతున్నారు. నీళ్ళ హోరులో అది నా చెవి దగ్గరకొచ్చి, "నీకో మాట చెప్పాలి. ఏమీ అనుకోనని ఒట్టెయ్యి" అంది. వేశాను.

"నువ్వు చేసిచ్చిన కళ్ళద్దాలు నాకు పడలేదే. అవి పెట్టుకున్నప్పట్నుంచీ ఒక పక్క ఏదీ సరిగ్గా తెలీట్లేదు. గుద్దుకుంటున్నా. మొన్న అద్దం విరిగింది కూడా నా వల్లే అయ్యుంటుంది. నువ్వు అంత ప్రేమగా చేసిచ్చావు, ఎలా చెప్పను? నీ చేతిలో పని పోతోందేమోనని భయమేసింది. వయసు మీద పడితే ఎవరికైనా అంతే కదా. అందుకే నోరు మూసుకున్నా."

నేను దాన్ని కాపాడుతున్నాననుకుంటుంటే అది నన్ను కాపాడుతోంది, ఇన్నాళ్ళూ. నాకు ఏడుపొచ్చింది. నీళ్ళ తుంపర అనుకునుంటుంది.

అప్పుడు చెప్పాలి. సరిగ్గా ఆ క్షణంలో చెప్పాలి. నేనేమన్నానో తెలుసా? "అవునే. నాదే తప్పు. నంబరు తప్పుపడింది" అన్నాను.

ఆ మాట దాని మొహం చూసి అన్నాను. నిజం చెబితే ఆ మొహం ఏమవుతుందోనని అన్నాను. పైగా లోపల తెలివిగా అనుకున్నాను కూడా. కళ్ళద్దాలు బాగాలేవని ఒప్పుకుంటే బండి నడపడం మానేస్తుంది కదా, టాక్సీలో దిగిపోవచ్చు, ఇంటికి వెళ్ళాక మెల్లగా ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు, అని.

బ్రేకమ్మ నన్ను గట్టిగా కావలించుకుంది. "అమ్మయ్య! చచ్చానే బాబూ, ఎన్నెన్ని ఊహించుకున్నానో! నా కళ్ళే పోతున్నాయనుకున్నా, ఇంకా ఏవేవో అనుకున్నా. నిద్ర పట్టలేదు తెలుసా? నా బంగారు తల్లీ, తప్పు చేశావా, బతికించావే!" అని నా బుగ్గలు పుణికింది. అందరూ చూస్తున్నారు. అది కొత్త పెళ్ళికూతురిలా గంతులేస్తూ బండి దగ్గరికి నడిచింది. మధ్యలో ఒక చెత్తడబ్బాను తన్నేసింది. నవ్వుకుంది.

నేను వెళ్ళేసరికి వెనక పెట్టె తెరిచి, బట్టల అడుగునుంచి చేతిరుమాల్లో చుట్టినదేదో తీసింది. పాత కళ్ళద్దాలు.

"తెచ్చుకున్నానే. పెట్టుకుంటే నిన్ను మోసం చేసినట్టుంటుందని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు నువ్వే ఒప్పుకున్నావు కదా." పెట్టుకుంది. నేనేదో అనేలోగా స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్టు చేసింది. "ఎక్కు. ఇక చూడు, గాల్లో పోతా."

నా అబద్ధమే దాన్ని మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెట్టింది. దిగేటప్పుడు లోయ కుడి పక్క, ఎడంవైపు కొండ. ఆ పక్కే పిల్లలూ పెద్దలూ రోడ్డు వారన నడిచి దిగుతున్నారు, గుంపులు గుంపులుగా.

నేను ఎక్కలేదు. బండికి ఎదురుగా వెళ్ళి బానెట్ మీద ఒక చెయ్యి వేసి నిలబడ్డాను.

"ఏంటే ఈ వేషాలు? తప్పుకో!"

"ఇంజను ఆపు."

"ఎందుకు?"

"ఆపవే!" నేను దాని మీద అరవడం అదే మొదటిసారి. ఆపింది. ముందద్దంలోంచి బిత్తరపోయి చూస్తోంది. "తల తిప్పకు. నా ముక్కు వంకే చూడు. నేను ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు."

అది కాసేపు నా ముక్కు వంక చూసింది. మంచి విద్యార్థిలా కదలకుండా చూసింది. తర్వాత నవ్వింది.

"నీ మొహం! ముందు చెయ్యెత్తవే, తర్వాత అడుగు."

నా చెయ్యి ఎత్తే ఉంది. దానికి ఎడంవైపు, నా భుజానికి పక్కగా, ఐదు వేళ్ళూ చాపి.

"ఎత్తే ఉంది" అన్నాను.

అప్పుడు తల తిప్పింది. చెయ్యి కనబడింది. మళ్ళీ నా ముక్కు వంక చూసింది, మళ్ళీ చెయ్యి వంక. పాత అద్దాలు తీసి కొత్తవి పెట్టుకుంది. చూసింది. అవీ తీసేసి ఉత్త కళ్ళతో చూసింది. దాని మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. నేను చెయ్యి దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

వెళ్ళి దాని పక్క తలుపు తెరిచాను. "నా అద్దాల్లో తప్పేమీ లేదే. అబద్ధం చెప్పాను. తప్పుంటే బాగుండునని ఎంత మొక్కుకున్నానో నీకు తెలీదు."

"మరేంటి ఇది?"

"నాకు తెలీదు. నిజంగా తెలీదు. కంటిది మాత్రం కాదు. తలకి స్కాను తియ్యాలి. ఇవాళే, సరాసరి పెద్దాసుపత్రికే వెళ్తాం. నేనుంటాను నీతో."

"తలా?" అంది చిన్నగా. చెయ్యి పైకెత్తి తలను తడుముకుంది, అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"అద్దం విరిగినప్పట్నుంచి అనుమానం. నిన్న బొమ్మ దగ్గర... నిన్నటినుంచి నమ్మకం."

"తెలిసీ ఎక్కావా ఇవాళ నా పక్కన? తెలిసీ? ఆ లోయ పక్కన కూర్చున్నావా?" నా భుజం మీద ఛెళ్ళున ఒకటేసింది. "బుద్ధుందే నీకు? ఇద్దరు పిల్లల తల్లివి! అన్నయ్యగారికి నేనేం సమాధానం చెప్పేదాన్ని?" రెండోది వేయబోయి, అదే చేత్తో నన్ను దగ్గరికి లాక్కుని, నా పొట్టకు మొహం ఆనించి భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు చూడలేక పక్కనుంచి తప్పుకుని పోయారు.

ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది. మొహం తెల్లగా పాలిపోయింది. కొండ అంచున కూడా దాన్ని అలా చూడలేదు.

"ఒసే, స్కూలు" అంది.

"స్కూలేంటి?"

"నేర్చుకునేవాళ్ళు స్టీరింగు దగ్గర. నేను పక్క సీట్లో, నువ్వు కూర్చున్న పక్కే. వణికిపోతుంటారే పాపం. వాళ్ళకి రోజూ ఏం చెప్తానో తెలుసా? 'మీరు ఎదురుగా చూడండమ్మా, ఎడంవైపు నేను చూసుకుంటా' అంటాను. ఎడంవైపు నేను చూసుకుంటానని చెప్తున్నానే! బడికి వెళ్ళే పిల్లలు అటే నడుస్తారు. నెలరోజులుగా అటు ఎవరూ చూడట్లేదు!"

నేను దాని గురించి ఒక్కదాని గురించే భయపడ్డాను. మహా అయితే మా ఇద్దరి గురించి భయపడ్డాను. ఇది నా బుర్రకు తట్టనేలేదు.

తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. నాకు నడపడం రాదు, ఇన్నేళ్ళుగా నేర్పుతానంటే తప్పించుకుంటూనే ఉన్నాను. "నీ దగ్గరే ఉంచు. అడిగినా ఇవ్వకు, తిట్టినా ఇవ్వకు" అంది. తర్వాత ఫోను తీసింది.

ఇంకా మాట్లాడుతూనే ఉంది. రేపు క్లాసు ఉన్న ప్రతి ఒక్కరికీ తనే చేస్తోంది. నాకు వినబడుతోంది. "లేదమ్మా, బండి బాగానే ఉంది. నాకే బాగాలేదు. నాకు ఒక పక్క కనబడట్లేదు... నిజమే చెప్తున్నా... నీకేం కాలేదు కదా నా క్లాసులో? ఎవరికైనా తగిలించామా మనం? సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పు తల్లీ..." ఒక్కొక్కరినీ అదే అడుగుతోంది. ఒక్కొక్కరూ లేదన్నప్పుడల్లా కళ్ళు మూసుకుని ఊపిరి వదిలి, తర్వాతి నంబరు నొక్కుతోంది.

ఆదివారం, టాక్సీలో

బండిని టీకొట్టు దగ్గరే వదిలేశాం. మా ఆయన పెద్దాసుపత్రి దగ్గరికి వచ్చి ఉంటానన్నాడు. అనుమానం మాట ఎత్తలేదు.

బ్రేకమ్మ వెనక సీట్లో ఉంది. నన్ను తన ఎడంవైపు కూర్చోమంది. నేను రాస్తుంటే గొంతు తగ్గించి అంది, "ఏమే, ఆ బొమ్మలో నిజంగానే ఎవరూ లేరా, ఆ పిల్లకి?"

"ఉన్నారే. పడవ నిండా ఉన్నారు. అందరూ చేతులూపుతున్నారు."

అది నా ముంజేయి పట్టుకుంది.

"ఊరు చూద్దామని వచ్చి సగం ఊరే చూశానన్నమాట" అంది. "భయమేస్తోందే. అటుపక్క ఏముందో చెబుతూ ఉండు. ఆపకు."

చెట్లు, అన్నాను. రాతిగోడ. గోడ మీద ఆరేసిన చొక్కాలు. గొడుగు వేసుకున్న ఒక ముసలాయన, గొడుగు చిల్లులు పడింది. అది వింటూ తల ఊపుతోంది. నేను రాయడానికి ఆగితే చాలు, గోళ్ళు గుచ్చుతోంది. డైరీ మూసేస్తున్నాను.